దిగుడుబావియు విషూచియు: కుందుర్పి సీమ నీటి చరిత్ర

అనంతపురము జిల్లాకు నైరృతి కొసను, కర్ణాటక సరిహద్దునకు చేరువగా, కల్యాణదుర్గమునకు దక్షిణమున కుందుర్పి యను గ్రామము కలదు. ఊరి కొండమీద పాళెగాండ్ర కాలపు కోట శిథిలములు నేటికిని కానవచ్చును. విజయనగర సామ్రాజ్యము క్షీణించిన పిమ్మట పెనుకొండనుండి తరలివచ్చిన కోనేటి నాయకుని వంశమువారు ముందు కుందుర్పిని, పిదప రాయదుర్గమును ఏలిరని చరిత్రకారులు వ్రాసిరి. దుర్గములను గూర్చి వ్రాయువారు సామాన్యముగా బురుజులను, ముట్టడులను, వంశావళులను వర్ణించి తృప్తి చెందుదురు. ఈ పీఠభూమిలో మాత్రము ఏ దుర్గమున కైనను ఆయువుపట్టు గోడలోపలి రాతిదొన. దొన యెండినచో కోట నిలువదు, బావి యెండినచో ఊరు నిలువదు. కావున ఈ సీమ చరిత్రను రాజుల వరుసలో గాక నీటి వరుసలో చెప్పుట యుక్తము. అట్లు చెప్పబూనినవాడు ఆ నీటినే ఆశ్రయించి వచ్చి మూడు నాలుగు తరములవారిని కబళించిన విషూచీ వ్యాధిని, అనగా కలరాను, విడిచి ముందునకు సాగజాలడు.

సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వర్షము పడు ఈ జిల్లాలో, నైరృతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగింపగా, ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరముననే తన బలమును వెచ్చించి చేరగా, నీటి తావులు పూర్వము నాలుగే యుండెను: కొండమీది దొన, ఊరిముందరి చెరువు, వంక యిసుకలో త్రవ్వుకొను చెలమ, ఊరిలోనో తోటలోనో యుండు బావి. ఎండలు ముదిరిన కొలది ఇవి ఒకదాని వెంట నొకటి ఎండును. చెరువు నెర్రెలు విచ్చును. చెలమ మోకాటిలోతునుండి నిలువెత్తునకు దిగి, కడపట తడియిసుకను మాత్రమే చూపును. చేదబావులలో బొక్కెన రాతికి తగిలి మ్రోగును. తుదకు ఎంతటి కరవునకైనను ఎండనిదని పేరుపొందిన ఒక్క దిగుడుబావి మిగులును. మూడు నాలుగు వాడల జనమును, ఒక్కొక్కతరి పొరుగూళ్ల జనమును, గొడ్డును గోదయు అచ్చటికే చేరును.

ఈ దిగుడుబావిని కొంచెము దగ్గరనుండి పరికింతము. గిలక లేదు, త్రాడు లేదు. రాతిమెట్లు వరుసగా నీటిలోనికి దిగును. తెల్లవారుజామున వచ్చిన యిల్లాలు కడవను చంకనిడికొని, పాచిపట్టిన కడపటి మెట్టుపై పాదములు నిలుపుకొని, మోకాలివరకు నీటిలో దిగి, చేతితో పైనీటిని అటునిటు త్రోసి, కడవ ముంచి లేచును. ఆమె పాదముల ధూళి, కోకచెరగు తడి, అంతకుముందు ఆ మెట్టుననే ముఖము కడిగికొన్న బాటసారి పుక్కిలించిన నీరు, అన్నియు ఆ బావిలోనే కలియును. చేదబావిలో త్రాడును బొక్కెనయు నీటిని తాకును. దిగుడుబావిలో మనుష్యుడే నీటిని తాకును. ఈ భేదము స్వల్పముగా దోచును గాని, శతాబ్దముల మరణములు దీనిలో నిమిడి యున్నవి. ఆ మెట్లు దిగుటకైన హక్కులేని మాల మాదిగ వాడలవారు వంక చెలమలనో, చెరువు అడుగు బురదనీటినో ఆశ్రయింపవలసి వచ్చెడిది. దప్పిక అందరికిని ఒకటియే; నీరు మాత్రము కులమును బట్టి లభించెను. రోగము వచ్చినపుడు మొదట కూలినవా రెవరో ఊహించుట కష్టము కాదు.

విషూచి యను పేరు ఆయుర్వేద గ్రంథములలో ప్రాచీనమే. అయినను దేశదేశములను చుట్టివచ్చు మహమ్మారిగా అది 1817 సంవత్సరమున వంగదేశమందలి జెస్సూరు ప్రాంతమున విజృంభించి, సైన్యముల వెంటను యాత్రికుల వెంటను నడచి, మరుసటి యేటికే దక్షిణాపథమున ప్రవేశించెను. అప్పటికి ఈ సీమ కుంఫిణీవారి దత్తమండలములలోనిది. నిజాము 1800 సంవత్సరమున ఈ మండలములను కుంఫిణీ కప్పగింపగా, వానికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురమును కేంద్రముగా జేసికొని, 1807 వరకు పొలము పొలమును కొలిపించి రైతువారీ పద్ధతిని నెలకొల్పినవాడు తామస్ మన్రో. అతడు పిదప మద్రాసు గవర్నరై, పదవి విడిచి స్వదేశమునకు మరలబోవుటకు ముందు, తనకు ప్రియమైన ఈ మండలములను కడసారి చూడవలెనని 1827 వేసవిలో బయలుదేరెను. దారిలో పరివారమునందు కలరా పుట్టినది. గుత్తి దాటి పత్తికొండ చేరిన జూలై 6వ తేది ఉదయమున వ్యాధి మన్రోను తాకెను. ఆ రాత్రియే అతడు మరణించెను. కళేబరమును గుత్తికి గొనిపోయి పాతిపెట్టి, 1831లో మద్రాసు కోటలోని సెంటు మేరీ దేవాలయమునకు తరలించిరి. సూర్యోదయమునకు సుఖముగ నున్నవాడు సూర్యాస్తమయానంతరము శవమగుట ఆనాటి పల్లెలకు వింత కాదు. గవర్నరు విషయమున అది చరిత్ర కెక్కినది, అంతియే.

మన్రో స్మృతికై ప్రభుత్వము పత్తికొండలో రాతికట్టడపు బావి యొకటి త్రవ్వించి, దాని చుట్టును చింతతోపు వేయించెను. దాహము తీర్చుటకు మించిన దానము ఈ సీమలో లేదు గనుక ఆ యాలోచన స్థానధర్మమున కనుగుణమైనదే. నీటిద్వారా వ్యాపించు రోగముచే మరణించిన వానికి బావియే స్మారకమైనదన్న సంగతిలోని విపర్యాసము ఆ కాలమువారి కెవరికిని తోచియుండదు. రోగము చెడుగాలినుండియు, భూమినుండి లేచు ఆవిరులనుండియు పుట్టునని గవర్నరు వైద్యులును, మారెమ్మ ఆగ్రహమునుండి పుట్టునని ఊరి పెద్దలును నమ్మిన దినము లవి.

ఆ ఊరి పెద్దల ఆచారములను కేవలము మూఢత్వ మని త్రోసివేయుట తొందరపాటు. వాంతిభేది తగిలిన యూరిలో చాటింపు వేయుదురు, గడపగడపకు వేపమండలు కట్టుదురు, అంబలి పోసి, దున్నపోతును బలియిచ్చి, రక్తము కలిపిన అన్నమును పొలిమేర పొడుగునను ‘పొలి’గా చల్లుదురు, మారెమ్మను చిన్నబండి నెక్కించి ఎల్ల దాటింతురు. పొరుగూరివారు ఆ బండి తమ పొలిమేర త్రొక్కకుండ రాత్రులు కాపు కాయుదురు. కొన్నిచోట్ల జనము ఊరు విడిచి తోటలలో గుడిసెలు వేసికొని నెల గడచువరకు మరలి రారు. ఊరు విడిచినవారు ఊరి బావిని కూడ విడిచినవా రగుదురు. రాకపోకలు నిలిచినచో రోగపు రాకపోకలును కొంత నిలుచును. కారణము తెలియకయే అనుభవముచే కనుగొన్న ఉపాయములు ఇవి. జాతరకు చేరిన జనమంతయు ఒకే బావి నీరు త్రాగినపుడు అదే ఆచారము విపరీతఫలము నిచ్చెడి దనుటయు నిజమే.

ధాత కరవు ఈ కథలో భయంకరమైన అధ్యాయము. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ క్షామమున కుందుర్పి సీమ బళ్లారి జిల్లాలో నుండెను. అనంతపురము వేరు జిల్లా యైనది 1882లో. భారత ప్రభుత్వపు ప్రతినిధిగా వచ్చిన రిచర్డు టెంపిల్ దొర కరవుపని కూలిని పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యపు లెక్కకు తగ్గింపగా, మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిషు, అది మనుష్యుని బ్రతికింపజాలదని తీవ్రముగా వాదించెను. అన్నార్తులైన వేలకొలది జనము కరవు శిబిరములలో గుమిగూడి, ఉన్న రెండు మూడు నీటి తావులనే త్రాగుచు, వాని యొడ్డుననే మలవిసర్జనము చేయుచుండగా విషూచి చెలరేగెను. 1877 ఒక్క సంవత్సరముననే మద్రాసు రాజధానిలో మూడున్నర లక్షలకు పైగా కలరా మరణములు లెక్కకు వచ్చినవి. 1871 జనాభా లెక్కను 1881 లెక్కతో సరిచూచినచో బళ్లారి జిల్లా తన జనములో దాదాపు ఐదవ వంతును పోగొట్టుకొనెను.

కరవునకును కలరాకును గల ఈ పొత్తు యాదృచ్ఛికము కాదు. ఆరోగ్యవంతుని జఠరమందలి ఆమ్లము నీటితో వచ్చిన కలరా క్రిములను విశేషముగా చంపును. అట్టివానికి రోగము కలుగవలెనన్న కోట్లకొలది క్రిములు లోపలికి పోవలసి యుండును. ఆకలిచే క్షీణించిన దేహమున ఈ ఆమ్లము తగ్గిపోవుటచే, కొన్ని వేల క్రిములే చాలును. పైగా క్షారగుణము గల నీటిలో ఆ క్రిమి సుఖముగ బ్రతుకును. ఈ సీమలో చౌటినేలలకు కొదువ లేదు. కరవు ఒక ప్రక్క జనమును ఒకే బావికి త్రోసి, రెండవ ప్రక్క వారి దేహదుర్గపు మొదటి వాకిటిని తెరచి యుంచెను.

కారణమును వెదకిన వారి చరిత్రయు చెప్పదగినదే. లండను నగరమున జాన్ స్నో 1854లో ఒక వీధిపంపు నీటితో రోగమునకు గల సంబంధమును నిరూపించెను. ఆ యేటనే ఫ్లోరెన్సు నగరమున ఫిలిప్పో పచీని రోగుల ప్రేవులలో వంకరక్రిమిని సూక్ష్మదర్శినిలో చూచెను. కాని అతని మాటను లోకము చెవినిడలేదు. ముప్పది సంవత్సరముల పిమ్మట, 1884లో, రాబర్టు కోక్ కలకత్తాలో ఆ క్రిమిని వేరుపరచి, అది యేదో విషమును స్రవించుటచేతనే రోగము కలుగుచున్నదని ఊహించెను. ఈ శాస్త్రము మన ప్రాంతమునకు మెల్లగా ప్రాకివచ్చెను. సికిందరాబాదున మలేరియా పరిశోధనలో మునిగియున్న రోనాల్డు రాస్‌ను 1895లో ప్రభుత్వము బెంగుళూరునకు పంపినది కలరా నివారణమునకే. ఆగ్రాలో హాంకిన్ అను శాస్త్రజ్ఞుడు బావులలో పర్మాంగనేటు కలుపు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను; ఊదారంగు నీటిని చూచి పల్లెజనము దొరలు బావిలో విషము కలిపిరని శంకించిన సందర్భములును లేకపోలేదు.

బావిలోని క్రిమి తెలిసినది గాని, క్రిమి మనుష్యుని ఎట్లు చంపునన్నది మరి డెబ్బది యైదేండ్లు తెలియలేదు. కోక్ ఊహించిన విషమును వెదకినవారు దానిని క్రిమి దేహములోపల వెదకి, జంతువుల నెత్తురులోనికి ఎక్కించి చూచి, నిరాశ చెందిరి. కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే వేరుమార్గము త్రొక్కెను. కుందేటి చిన్నప్రేవులో కొంతభాగమును రెండు కొసల కట్టి, ఆ సంచిలో క్రిములను పెట్టినచో అది నీటితో ఉబ్బునని 1953లో చూపెను. 1959లో క్రిములను పెంచిన ద్రవమునుండి క్రిములనన్నిటిని వడగట్టి తీసివైచి, మిగిలిన ద్రవమును మాత్రమే ఎక్కించినను ప్రేవు అట్లే ఉబ్బునని నిరూపించెను. క్రిమి లేదు, అది వెలికి పంపిన పదార్థము మాత్రము కలదు, రోగలక్షణము పూర్తిగా కలదు. ఆ యేటనే బొంబాయి హాఫ్‌కిన్ సంస్థలో దత్తా బృందమును కుందేటి పిల్లలపై ఇట్టి ఫలితమునకే వచ్చెను. పదేండ్ల తరువాత, 1969లో, ఫింకెల్‌స్టీన్ ఆ విషమును శుద్ధముగా వేరుచేయగా, అది ఒక మాంసకృత్తు, అనగా ప్రోటీను, అని తేలెను.

ఆ మాంసకృత్తు నడచు విధము ఆశ్చర్యకరము. కలరా క్రిమి మన కణములలో జొరబడదు, ప్రేవుగోడను ఛేదింపదు, గోడకు అంటుకొని వెలుపలనే నిలుచును. దాని దేహమునకు రెండు పొరలు కలవు. వాని నడుమ విషపు భాగములు కూర్చబడి, పండ్రెండింటికి అటునిటుగా మాంసకృత్తులచే నిర్మితమైన ఒక పంపుద్వారా వెలుపలికి నెట్టబడును. దానితోడ మరి కొన్ని మాంసకృత్తులును వెడలును: ఒకటి ప్రేవుగోడపై జిగురుపొరను కత్తిరించి దారి చేయును, ఇంకొకటి కణములపై నున్న కొన్ని కొవ్వుపదార్థముల కొసలను తుంచి, విషము పట్టుకొనుటకు తగిన పిడులుగా మార్చును. విషమునకు ఆరు భాగములు. ఐదు భాగములు వలయముగా కూడి కణపు పొరమీది పిడిని పట్టుకొనును. ఆరవది కణములోనికి పోయి, ఉప్పునీటి పోకను శాసించు మీటను తెరచి, మరల మూతపడకుండ చేయును. గండిపడిన చెరువు తూమువలె ఆ కణము ఇక ఆగదు. లవణము వెలికి పోవును, దాని వెంట నీరు పోవును. తీవ్రమైన రోగములో గంటకు లీటరు వరకు నీరు దేహమును విడుచును.

ఇచ్చట ఇంకొక విశేషము కలదు. క్రిమికి ఈ పంపు మనుష్యుని చంపుటకై పుట్టినది కాదు. నీటిలో బ్రతుకుచు, కంటికి ఆనియానని నీటిపురుగుల పెంకులకు అంటుకొని, ఆ పెంకును కరగించు మాంసకృత్తును ఇదే పంపుద్వారా వెలికి పంపి, కరగినదానిని ఆహారముగా గైకొనుట దాని నిత్యజీవనము. నీటిలో కూడు తెచ్చిన సాధనమే ప్రేవులో ఆయుధమైనది. విషమునకు మూలమైన జన్యువులు సైతము ఒక వైరసు ద్వారా క్రిమికి లభించినవని 1996లో తెలిసెను. బావినీటిద్వారానే వచ్చు సన్నిపాతజ్వరము, అనగా టైఫాయిడు, దీనికి భిన్నమైనది. ఆ క్రిమి సూదివంటి నిర్మాణముతో తన మాంసకృత్తులను సూటిగా మన కణములోనికే ఎక్కించి, కణము తనంతట తానే పొరను చాచి క్రిమిని లోనికి మ్రింగునట్లు చేసికొనును. ఒకటి గడప వెలుపల నిలిచి ఇల్లు దోచును. రెండవది ఇంటివానిచేతనే తలుపు తీయించును.

కలరాచే మరణించిన వాని కన్నులు లోతుకు పోయి, చర్మము ముడుతలుపడి, కంఠము బొంగురుపోయి యుండుట చూచినవారు, అది దేహమునకు వచ్చిన కరవని గ్రహింపవలసియుండెను. కాని శతాబ్దముపాటు అనేక వైద్యులు రోగికి నీరిచ్చుట మాని, నెత్తురు తీసి, విరేచనములకు మందిచ్చి, ఉన్న తడిని గూడ హరించిరి. కలకత్తాలో లెనార్డు రాజర్సు ఇరువదవ శతాబ్దారంభమున ఉప్పునీటిని నరములలోనికి ఎక్కించి మరణములను చాలవరకు తగ్గించెను. ఆ సాధనము పల్లెకు అందునది కాదు. విషము ఉప్పును వెలికి త్రోయు మార్గమును పాడుచేయును గాని, చక్కెరతో కూడిన ఉప్పును లోనికి గ్రహించు మార్గమును ముట్టదని తెలిసినతోడనే, నోటిద్వారానే చికిత్స సాధ్యమైనది. 1971లో బంగ్లాదేశ శరణార్థులు క్రిక్కిరిసిన బనగావ్ శిబిరమున దిలీప్ మహలనవీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి త్రాగింపగా, నూటికి ముప్పదిమంది చనిపోవుచోట నలుగురికంటె తక్కువమంది చనిపోయిరి. 1877 నాటి కరవు శిబిరములకు ఈ యుప్పు, ఈ చక్కెర దుర్లభములు కావు. దుర్లభమైనది వానిని కలుపవలెనన్న జ్ఞానము. క్రిమి మాంసకృత్తును తయారు చేయు యంత్రమునే స్తంభింపజేయు టెట్రాసైక్లిను జాతి మందులలో మొదటిదగు ఆరియోమైసిను 1948లో వెలువడినది భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా నున్న లెడర్లీ ప్రయోగశాలనుండియే యని తెలుగువారు తలచుకొనుట న్యాయము.

దిగుడుబావుల కాలము ముగిసినది కలరావలన గాక నారికురుపువలన. నారికురుపు పురుగు పిల్లలను కడుపున మోయునవి సైతము దిగుడుబావి నీటిలోని సూక్ష్మమైన పురుగులే. కాలిలో నారివంటి పురుగు వెడలుచుండగా రోగి మెట్లు దిగి నీటిని తాకినచో బావి యంతయు మరల దూషితమగును. 1980 ప్రాంతములనుండి ప్రభుత్వము దిగుడుబావుల మెట్లను మూయించి, చేతిపంపులు పాతించి, నీటిని గుడ్డతో వడపోయుమని ఇంటింట చెప్పించెను. భారతదేశమున ఆ వ్యాధి కడపటి రోగి 1996లో కనబడెను. 2000లో దేశము దానినుండి విముక్తమైనదని నిర్ణయించిరి. ఆ వడపోతకు కలరా విషయమున సైతము ప్రయోజనము కలదని పిదప తెలిసినది. క్రిములు నీటిపురుగులకు అంటుకొని యుండును గనుక, పాతచీరను నాలుగైదు మడతలు వేసి వడపోసినచో బంగ్లాదేశ గ్రామములలో కలరా దాదాపు సగము తగ్గెనని రీటా కాల్‌వెల్ బృందము 2003లో ప్రకటించెను. కడవమూతికి గుడ్డకట్టి నీరుపోయు మన అవ్వల అలవాటును ఇంతకాలము మడి ఆచారముగా మాత్రమే చూచితిమి.

పిదప గొట్టపుబావులు వచ్చినవి. క్రిముల బాధ తగ్గినది. కాని వందల అడుగుల లోతునుండి లాగిన నీటితో ఫ్లోరైడు పైకివచ్చి పండ్లను ఎముకలను పీడింపసాగెను. 1995లో పుట్టపర్తి సత్యసాయి పథకము జిల్లాలోని ఏడువందలకు పైబడిన గ్రామములకు నీరందించు నుద్దేశముతో ఆరంభమై, గొట్టపునీటి యుగమునకు దారితీసెను. ఇంతతో విషూచి కథ ముగిసినదని భ్రమపడరాదు. 1992లో మద్రాసు నగరముననే అంతకుముందెన్నడు నెరుగని కలరా క్రిమి జాతి యొకటి తలయెత్తి, పాత రోగమునుండి తప్పించుకొన్న పెద్దలను సైతము పడవేసెను. గొట్టము నీటితో నిండియున్నంతవరకు లోపలి ఒత్తిడి మురికిని వెలుపలనే ఉంచును. మూడు దినములకో వారమునకో ఒకసారి నీరు వదలు వేసవిలో, ఖాళీ గొట్టము పగుళ్లగుండ ప్రక్కకాలువ నీటిని లోనికి పీల్చుకొనును. ట్యాంకరు వచ్చినపుడు ఊరంతయు ఒకే నీటికి చేరును. ధాత కరవునాటి దిగుడుబావి స్వరూపము మారినదే గాని, దాని ధర్మము మారలేదు.

కావున ఈ సీమలో కరవును లెక్కించు అధికారులు ఎండిన పైరును, మేతలేని పశువులను, వలసపోయిన కూలీలను లెక్కించునట్లే, ఊరిలో మిగిలిన కడపటి నీటితావును గూడ లెక్కించి, దానికి మొదటి కాపు పెట్టవలసి యున్నది. క్రిమి వెలికి పంపు మాంసకృత్తును గూర్చి శాస్త్రము ఎంత సూక్ష్మముగా తెలిసికొన్నను, ఆ విషము తయారగుటకు ముందు క్రిమి ఒకరి మలమునుండి మరియొకరి కడవలోనికి చేరవలెను. ఆ దారి మూయుటకు ట్యాంకరులో క్లోరిను కలిపించుట, బావికి గోడ కట్టించుట, ఊరికొక మరుగుదొడ్డి వరుస నిలుపుట, ఉప్పు చక్కెరల పొట్లమును అంగన్‌వాడీలో సిద్ధముగ నుంచుట చాలును. వర్షములేని యేడు వచ్చుట మన చేతిలో లేదు. ఆ యేటి నీరు విషము కాకుండ చూచుట మాత్రము నూటయేబది యేండ్ల క్రిందట మనకు తెలియదు, ఇప్పుడు తెలియును. తెలిసిన పిమ్మట కలుగు మరణములకు కరవును గాని మారెమ్మను గాని కారణముగా చూపుటకు వీలులేదు.